అరవై ఎనిమిదిన్నర కాదు

మిషిగన్ రాష్ట్రం వయాండాట్ పట్టణ నివాసి, కీర్తిశేషుడు బోలెస్లావ్ గ్రబోస్కీ కుమారుడు, కార్ల ఫ్యాక్టరీ సీట్ల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు, కాజిమీర్ గ్రబోస్కీ అనే నేను, వయస్సు డెబ్బై ఆరు, ఈ వీలునామాను నా సొంత దస్తూరీతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి సలహా వినకుండా రాసుకుంటున్నాను. నా బుద్ధి స్థిమితంగా ఉంది. పోయిన నెల డాక్టరు ఇవాళ ఏ వారమనీ, దేశాధ్యక్షుడెవరనీ అడిగాడు. రెండూ చెప్పాను. రెండోదాని మీద నా అభిప్రాయం కూడా చెప్పబోతే అది రాసుకోనక్కర్లేదన్నాడు. మోకాళ్ళకు మాత్రం స్థిమితం లేదు. చట్టం వాటి సంగతి అడగదు.

1991లో రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అది ఒక ఎన్నికల పోట్లాట తర్వాత కోపంలో రాసింది. అందులో అందరికంటే పెద్ద వాటా మా కుక్కకు రాశాను. ఆ కుక్క ఇప్పుడు లేదు.

1. నన్ను మౌంట్ కార్మెల్ శ్మశానంలో నా భార్య లవర్న్‌కు కుడిపక్కన పెట్టాలి. మంచం మీద కూడా నాది ఆ వైపే. ఇప్పుడు మారిస్తే ఆమెకు నిద్ర పట్టదు. వచ్చినవాళ్ళకు చర్చి ఆడవాళ్ళు చేతులతో చుట్టిన బంగాళాదుంప పియరోగీలు, అంటే మా పోలిష్ వాళ్ళ ఉడికించిన కజ్జికాయలు, పెట్టాలి. దుకాణంలో గడ్డకట్టించి అమ్మేవి తెచ్చి పెడితే నేను లేచి కూర్చుంటాను. మా కార్ల క్లబ్బు అధ్యక్షుడు మెల్ రూస్‌ను మాట్లాడమని ఎవరూ అడగవద్దు. అతను పెళ్ళిలో లేచినా చావులో లేచినా రేడియేటర్ దగ్గరే ఆగుతాడు.

2. ఆరో వీధిలోని నా ఇల్లు, దాని గరాజు, గరాజు వెనుక నా భార్య నాటిన ద్రాక్ష పందిరి, ఇవన్నీ నా ఏకైక కుమార్తె వాండాకు సర్వహక్కులతో చెందుతాయి. వెనుక తలుపు తెరుచుకోకపోతే వడ్రంగిని పిలవవద్దు. పిడి పట్టుకుని కాస్త పైకెత్తి తోయాలి. నలభై ఏళ్ళుగా అది అలాగే తెరుచుకుంటోంది, దాన్ని కించపరచకండి.

3. నా అల్లుడు డ్వేన్‌కు నీలం పనిముట్ల పెట్టె, అందులోని పానాలు, సుత్తులు, శ్రావణాలు యావత్తూ ఇస్తున్నాను. అందులో ఒక పానా చోటు ఖాళీగా ఉంటుంది. ఆ పానా 1998 నుంచీ డ్వేన్ ఇంట్లోనే ఉంది. "రేపు తెచ్చిస్తా మావయ్యా" అన్నాడు. ఇక తేనక్కర్లేదు, అక్కడే పెట్టెను కలుపుకోవచ్చు. అల్లుడు మంచివాడు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వచ్చి, మాట్లాడ్డానికి ఏమీ లేక నా గడియారానికి కీ ఇచ్చి వెళ్ళేవాడు. ఈ మాట అతనికి నేను బతికుండగా చెప్పవద్దు.

4. పైన చెప్పిన మెల్ రూస్‌కు నా టార్చిలైటూ, పొడుగాటి కర్ర చివర బిగించిన గుండ్రటి అద్దమూ. బండి అడుగునా ఇంజను వెనుకా దాక్కున్న అంకెలు చూడ్డానికి వాటితో వంగాల్సిన పని లేదు. మెల్ ఇన్నేళ్ళూ ఏ బండి దగ్గరా వంగకుండానే తీర్పులు చెప్పాడు కాబట్టి అతనికి పనికొస్తాయి.

5. ఇక బండి. అందరూ ఈ కాగితాలు తిరగేసేది దీనికోసమేనని నాకు తెలుసు. కాబట్టి కూర్చుని చదవండి.

షెడ్యూలు: గరాజులో ఎడమవైపు నిలిపి ఉన్న, రెండు తలుపుల, ముదురాకుపచ్చ రంగు పాత మజిల్ కారు, అంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే రకం, ఒకటి. చేసిన కంపెనీ పేరు రాయను. నాకు ప్రతి నెలా పింఛను పంపేవాళ్ళను ఈ గొడవలోకి లాగడం మర్యాద కాదు. దీని ఇంజను ఒక ట్రక్కుది. ముందు చక్రాల మీది రెక్కలు రెండూ 1970వి. ఎడమ తలుపు 68ది. కుడి తలుపు ఏ సంవత్సరానిదో దాన్ని అమ్మిన తుక్కు దుకాణంవాడికే తెలియదు. బండి వయసు తేల్చేవాళ్ళు మామూలుగా వెతికేది నాలుగు చోట్ల. అద్దం మూలన అచ్చు పడిన తేదీ, సీటు బెల్టుకు కుట్టిన గుడ్డ చీటీ, ఇంజను దిమ్మ మీద పోతలోనే తేలిన అంకెలు, ముందు అద్దం కింద డాష్‌బోర్డుకు బిగించిన నంబరు రేకు. ఈ బండిలో మొదటి మూడూ వేరే బండ్లవి, నాలుగోది తర్వాత ప్రభుత్వం వాళ్ళు ఇచ్చింది. ఒక్క పుట్టుమచ్చ కూడా దాని సొంతం కాదు.

దీన్ని ఇలా చేసింది నా బావ ఆర్విల్ టాలివర్, అంటే లవర్న్ అన్న. కెంటకీ కొండల్లోంచి పని కోసం ఇక్కడికి వచ్చి ఉక్కు మిల్లులో క్రేను తోలినవాడు. 1968 అక్టోబరులో ఈ బండిని షోరూములో కొత్తగా కొన్నాడు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మా దగ్గర కొత్త మోడల్ జనవరి దాకా ఆగదు. అరవై తొమ్మిది మోడల్ అరవై ఎనిమిది ఆకులు రాలే కాలానికే దుకాణాల్లోకి దిగుతుంది. కాబట్టి 68లో కొన్న బండి 69 కావచ్చు, అమ్ముడుపోక మిగిలిన 68 కూడా కావచ్చు. ఈ ఒక్క 'కావచ్చు' మా రెండు కుటుంబాలను తినేసింది.

ఆర్విల్ 1971లో ఈ బండితో ఒక జింకను గుద్దాడు. 1973లో రెండో జింకను. అది మొదటి జింకకు అన్న అని అతని వాదన. 1975లో వైర్లు అంటుకుని డాష్‌బోర్డు కాలిపోయింది. నంబరు రేకు పోయింది, అరలో పెట్టుకున్న కొన్న కాగితాలూ పోయాయి. ప్రభుత్వం వాళ్ళు కొత్త నంబరు రేకు ఇచ్చారు. దాన్ని చూసి సంవత్సరం చెప్పడం ఎవరి తరమూ కాదు. అమ్మిన షోరూమూ అప్పటికే మూతపడింది. 1979లో మూడో బిడ్డ పుట్టబోతుంటే నాలుగు తలుపుల బండి కావాల్సివచ్చి దీన్ని నాకు అమ్మాడు. తాళాలు చేతిలో పెడుతూ, "బావా, ఇది అరవై తొమ్మిది. అన్నీ మార్చా గానీ పుట్టిన ఏడాది మార్చలేదు" అన్నాడు.

6. ఈ ఖండికలో ఆస్తి ఏమీ లేదు. నేను చేసిన పని ఉంది.

1983 జూన్‌లో క్లబ్బు ప్రదర్శనకు ముందు వెనుక సీటుకు కొత్త గుడ్డ వేద్దామని సీటు పీకాను. స్ప్రింగుల మధ్య ఒక కాగితం దొరికింది. ఫ్యాక్టరీలో ప్రతి బండికీ ఒక చీటీ ఉంటుంది, ఏ రంగు, ఏ ఇంజను, ఏ సీటు అని. అది బండి భాగాలతోపాటు లైను మీద నడిచి వస్తుంది. నాకు దొరికిన చీటీ మీద మోడల్ 1968 అని, తేదీ జులై 1968 అని ఉంది. అంటే మిగిలిపోయిన పాత మోడల్‌ను ఆర్విల్ చవగ్గా కొని, పైన రేకులు మార్చి, కొత్త మోడలని నాకు అంటగట్టాడన్నమాట. నేను అలా తేల్చుకున్నాను.

బుద్ధున్నవాడైతే బావ ఇంటికి వెళ్ళి అడుగుతాడు. నేను మా క్లబ్బు హాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం పెట్టే చేపల విందుకు వెళ్ళాను. హాల్లో నూట ఇరవై మంది ఉన్నారు. కుర్చీ ఎక్కి చీటీ పైకి చదివాను. వేపిన చేపల కోసం ఆర్విల్ పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు. "ఏంది బావా ఇది? సీటు మీది ప్లాస్టిక్కు నా చేత్తో చింపా. మొదటి రోజు మీ ఆవిడనే ఎక్కించుకుని ఊరంతా తిప్పా, ఇంటికెళ్ళి అడుగు" అన్నాడు. "చీటీకి అబద్ధమాడే అవసరం లేదు" అన్నాను. అప్పుడు మెల్ రూస్ నోటినిండా బ్రెడ్డుతో, "కొట్టుకోకండ్రా, మధ్యలో సర్దుకోండి. అరవై ఎనిమిదిన్నర అందాం!" అని అరిచాడు. హాలంతా పడి పడి నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది నేనే. ఆర్విల్ పళ్ళెం బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి ఈ ఊళ్ళో అతని పేరు అరవై ఎనిమిదిన్నర ఆర్విల్. మంగలి దుకాణంలో అదే పేరు, బౌలింగు ఆడేచోట బోర్డు మీద అదే పేరు. అతను క్లబ్బు మానేశాడు, చేపలు మానేశాడు, మా గుమ్మం తొక్కడం మానేశాడు.

పదకొండు రోజులు ఆ చీటీ మా వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. పతకంలా పెట్టుకున్నాను. పదకొండో రోజు లవర్న్ దుకాణానికి వెళ్తూ, రాసుకోడానికి వేరే కాగితం దొరక్క దాన్ని తీసి వెనక్కి తిప్పింది. గుడ్లు, క్యాబేజీ, సబ్బు అని రాసి ఆగిపోయింది. "కాజ్, ఒకసారి ఇటు రా. ఈ సున్నాలో 'కె' ఎవరిది?"

నాదే. ఎర్ర మైనపు పెన్సిల్‌తో వేసిన గుర్తు. ఆ రోజుల్లో నేను దాన్ని అన్నిటి మీదా వేసేవాణ్ణి. భోజనం డబ్బా మీద, మంచు పార మీద, ఆమె ఇస్త్రీ బల్ల మీద కూడా.

ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. సీటు కట్టడం అయ్యాక చీటీని చెత్త పీపాలో వేయాలి. పీపా ఇరవై అడుగుల దూరంలో ఉండేది, లైను మనకోసం ఆగదు. అందుకని సీట్లవాళ్ళం అందరం చీటీలను స్ప్రింగుల్లోకి తోసేసేవాళ్ళం. ప్రతి జులైలో పాత మోడల్ ముగుస్తుంది, ఫ్యాక్టరీ మూడు వారాలు మూసేస్తారు, తెరిచాక కొత్త మోడల్ మొదలవుతుంది. 68 జులై ఆఖరి రోజున నేను చేపలు పట్టడానికి తొందరపడి, చీటీలన్నీ ఏప్రాను జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాను. కొత్త మోడల్ మొదటి ఉదయం అదే ఏప్రాను తొడుక్కుంటే జేబు ఉబ్బెత్తుగా ఉంది. ఫోర్‌మన్ ఇటే వస్తున్నాడు. జేబులోవన్నీ ఎదురుగా వచ్చిన సీట్లలోకి తోసేశాను. అలా ఆ ఉదయం అరవై తొమ్మిది మోడల్ బండ్లు కొన్ని కడుపులో అరవై ఎనిమిది చీటీలు పెట్టుకుని లోకంలోకి వెళ్ళాయి. అందులో ఒకటి తిరిగి తిరిగి నా బావ చేతికీ, అతని చేతి నుంచి నా గరాజుకీ వచ్చింది. హాల్లో నేను కుర్చీ ఎక్కి చదివింది ఆర్విల్ మోసాన్ని కాదు, నా జేబును.

అయినా సీటు కూడా మారి ఉండొచ్చు కదా అని నాకు నేనే వకీలునై, ఇంకో చోట చూశాను. హీటర్ పెట్టె వెనుక రేకు మీద ఫ్యాక్టరీవాళ్ళు ఎవరికీ కనపడకుండా ఒక నంబరు కొడతారు. రెక్కలు మార్చినా, తలుపులు మార్చినా, డాష్‌బోర్డు కాలినా అది పోదు. హీటర్ ఊడదీసి రంగు గీకాను. అందులో రెండో అంకె ఏడాదిది. తొమ్మిది. తోక కూడా చెక్కుచెదరని తొమ్మిది.

హీటర్ మళ్ళీ బిగించేశాను. సరిగ్గా బిగించలేదు. అది ఆ రోజు నుంచి పనిచేయలేదు. ఏ మెకానిక్ దాన్ని విప్పినా ఆ తొమ్మిది చూస్తాడని ముప్పై నాలుగేళ్ళు బాగుచేయించలేదు. ఈ చలిదేశంలో, అక్టోబరు ప్రదర్శనలకు, నా భార్య ఆ బండిలో ఒళ్ళో దుప్పటి కప్పుకుని వచ్చేది.

ఎందుకు చెప్పలేదు అంటారా. ఆ కుర్చీ ఎక్కడం చూసి క్లబ్బువాళ్ళు నన్ను సంవత్సరాలు తేల్చే తీర్పరిని చేశారు. మూడు జిల్లాల నుంచి బండ్లు వచ్చేవి. నేను వంగి, అద్దం పెట్టి, గీకి, వాసన చూసి, "అరవై ఆరు" అంటే అది అరవై ఆరు. బడి చదువు ఎనిమిదో తరగతిలో ఆపేసినవాణ్ణి, పళ్ళ డాక్టర్లు కూడా నా ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఒక్కసారి మాత్రం తెలిసి తప్పు చెప్పాను. భర్త పోయిన ఒకావిడ అతని బండి తెచ్చి, "ఆయన అరవై ఏడు అనేవారు" అంది. అది అరవై ఎనిమిది. అరవై ఏడని రాసి సంతకం పెట్టాను. ముక్కూమొహం తెలియని చచ్చిపోయిన మనిషి మాట నిలబెట్టాను. నాలుగు వీధుల అవతల బతికున్న బావ మాట నిలబెట్టలేకపోయాను.

లవర్న్ అన్నది ఒక్కసారే. "మా అన్నకు నువ్వు చెప్పాలి. నేను చెప్పను. నేను చెబితే నీ తప్పు నా నోట్లోంచి వచ్చినట్టుంటుంది." ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ మాట ఎత్తలేదు. ఏటా మొదటి చలికి బండిలో కూర్చుని, దుప్పటి సర్దుకుని, ముందుకు చూస్తూ, "చలిగా ఉంది కాజ్" అనేది. అంతే.

2013లో ఆమె పోయినప్పుడు చర్చిలో నేనూ ఆర్విలూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోవాల్సివచ్చింది. మా ఇద్దరికీ కలిపి ఒకే పాటల పుస్తకం ఉంది. చెరో అంచు పట్టుకుని, చెరో దిక్కుకు చూస్తూ పాడాం. అతని గొంతు చాలా బాగుంటుంది. అదీ చెప్పలేదు.

7. కనుక పైన షెడ్యూలులో చెప్పిన బండినీ, లవర్న్ చేతిరాత ఉన్న ఆ చీటీనీ నా బావ ఆర్విల్ టాలివర్‌కు ఇస్తున్నాను. నా తదనంతరం వచ్చే మొదటి శుక్రవారం వాండా హాల్లో కుర్చీ ఎక్కి ఆరో ఖండికను అందరూ వినేలా చదవాలి. ఆర్విల్ నాకంటే ముందే పోతే బండి అతని పిల్లలకు చెందుతుంది. నా మీద పంతంతో ముందు పోగల మనిషే.

8. పైన చెప్పని వస్తువులన్నీ వాండాకే. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా ఆమెదే.

ఇక్కడితో మంగళవారం ముగించాను. తర్వాత సంగతులు కూడా ఇందులో భాగమే కాబట్టి అంకెలు కొనసాగిస్తున్నాను.

9. బుధవారం వాండా వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని అంతా చదివింది. చదివి కళ్ళద్దాలు తీసి, "నాన్నా, నీకు మతి స్థిమితంగా ఉందని ఏ డాక్టరు చెప్పాడు?" అంది. "మామయ్యకు డెబ్బై తొమ్మిది. నువ్వు పోయేదాకా ఆయన కాచుకుని కూర్చోవాలా? ఆ కబురొచ్చిన రోజు ఆయన ఏడవాలా, పండగ చేసుకోవాలా?" నేను పోయాక చదివితే నాకు సిగ్గుండదు కదా అన్నాను. "అదే నేనూ అంటున్నా" అని, ఈ కాగితాలు నా ఒళ్ళో పడేసి, గిన్నెలు కడగడానికి లేచింది. గిన్నెలు శుభ్రంగానే ఉన్నాయి. అయినా కడిగింది.

10. గురువారం పొద్దున ఆ బండిలోనే ఆర్విల్ ఇంటికి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని తోలాను. అతను వాకిట్లో ఆకులు ఊడుస్తున్నాడు. "దారి తప్పావా?" అన్నాడు. ఈ కాగితాలూ, వాటితో ఆ చీటీ చేతికిచ్చాను. అరుగు మీద నిలబడి, గీత గీత కింద వేలు పెట్టుకుంటూ చదివాడు. నన్ను కూర్చోమనలేదు. నా మోకాళ్ళ సంగతి అతను మొదటి పేరాలోనే చదివాడు, అయినా అనలేదు.

చీటీ నాదని చదివినప్పుడు తల ఎత్తలేదు. తొమ్మిది దగ్గరా ఎత్తలేదు. హీటర్ దగ్గర ఎత్తాడు. "మా చెల్లెల్ని ముప్పై ఏళ్ళు చలిలో కూచోబెట్టావా? ఒక్క పెట్టె విప్పాల్సొస్తుందని?" అన్నాడు. అవునన్నాను. "ఏడాది సంగతి నాకు అరవై ఎనిమిదిలోనే తెలుసు. అది నువ్వొచ్చి చెప్పేదేంది? నన్ను దొంగన్నావు. నూట ఇరవై మందిలో. నా ఇద్దరు కొడుకులు ఆ పూట ఆ బల్ల దగ్గరే తింటున్నారు, తెల్సా నీకు?" నాకు తెలియదు. కుర్చీ మీది నుంచి పిల్లలు కనపడలేదు. క్షమించమన్నాను. ఈ వీలునామా అంతటిలోనూ ఆ మాట లేదని అప్పుడే గమనించాను, అందుకని ఇక్కడ రాస్తున్నాను. క్షమించు బావా.

అతను చీటీ తిరగేశాడు. చెల్లెలి రాత చూసి అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. గుడ్లు, క్యాబేజీ, సబ్బు. "సబ్బు ఎప్పుడూ ఆఖర్నే రాసేది" అన్నాడు. నేను కూడా, ఎవరూ అనకుండానే, పక్కన కూర్చున్నాను. "ఇంకా కుర్చీ ఎక్కగలవా?" అని అడిగాడు.

11. శుక్రవారం ఎక్కాను. కుర్చీ వెనుక పట్టుకుని నిలబడ్డది ఆర్విల్. "మెల్లిగా ఎక్కు బావా, పడ్డావంటే ఈ కాగితాలు రేపే చదవాల్సొస్తది" అన్నాడు. జేబు, చీటీ, తొమ్మిది, హీటర్, అన్నీ చెప్పాను. అరవై మంది ఉన్నారు. 1983లో ఉన్నవాళ్ళు పదకొండు మందే. మిగతావాళ్ళు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చివర బల్ల దగ్గర గడ్డం కుర్రవాళ్ళు, "అయ్యో, అరవై ఎనిమిదిన్నర అంటే ఏదో అరుదైన మోడల్ అనుకున్నామే! ఆ మోడల్ ఉన్న ఒక్క మనిషీ ఆయనేనని మా ఊళ్ళో కూడా చెప్పామే!" అని నీరుగారిపోయారు. మెల్ రూస్ లేచాడు. ఎనభై నాలుగేళ్ళవాడు టోపీ తీసి, "ఆ పేరు పెట్టింది నేను ఆర్విల్. బాగా పేలిందనుకున్నా" అన్నాడు. "పేలింది" అన్నాడు ఆర్విల్. మెల్ అంతటితో, రేడియేటర్ ఊసెత్తకుండా కూర్చోవడం క్లబ్బు చరిత్రలో మొదటిసారి.

తీర్పరి పదవికి అక్కడే రాజీనామా ఇచ్చాను. నా తీర్పుల మీద అనుమానమున్నవాళ్ళు బండ్లు మళ్ళీ తెచ్చుకోవచ్చన్నాను. ఇప్పటికి నలుగురు ఫోను చేశారు. ముగ్గురికి నేను చెప్పిందే సరైనది. నాలుగోది పళ్ళ డాక్టరుది. అతనికి మెల్ చెబుతాడు.

తర్వాత తొమ్మిది మంది బయటికి వచ్చి, వీధి దీపం కింద హీటర్ పెట్టె విప్పారు. వరసగా నిలబడి ఒక్కొక్కరే వంగి చూశారు. మెల్ కూడా వంగాడు, నేను సాక్షిని. ఆర్విల్ అందరికంటే చివర్న వచ్చాడు. బండి కొన్న నలభై తొమ్మిదేళ్ళకు మొదటిసారి ఆ అంకెను తన కళ్ళతో చూసి, వేలితో ఒకసారి తడిమి, నిటారుగా నిలబడి, "చూశారుగా. ఇక ఆ హీటర్ సరిగ్గా బిగించండి" అన్నాడు.

12. ఏడో ఖండికలో మార్పు. బండి తనకొద్దని ఆర్విల్ ఖాయంగా చెప్పాడు. "తీసుకుంటే నా నోరు మూయించడానికి ఇచ్చావంటారు. నాకు బండి వద్దు. నీ సంతకం కింద నా సంతకం ఉండాలి. నేను చదివి, నా కళ్ళముందు నువ్వు పెట్టిన సంతకమై ఉండాలి" అన్నాడు. వీలునామాలో వాటా ఉన్నవాడు సాక్షి కావడం మంచిది కాదని గ్రంథాలయంలో చదివాను. కాబట్టి ఏడో ఖండికలో ఆర్విల్‌కూ అతని పిల్లలకూ రాసిన బండి హక్కు ఇందుమూలంగా రద్దు. బండి వాండాకు చెందుతుంది. ఒక్క షరతు. ప్రభుత్వ కాగితాల్లో, క్లబ్బు పుస్తకంలో, ఎవరు అడిగినా నోటిమాటగా కూడా, దీని మోడల్ సంవత్సరం 1969 అనే చెప్పాలి. కుర్చీ ఎక్కి చదవాల్సిన పని ఇక వాండాకు లేదు.

చీటీని మాత్రం గురువారమే ఆర్విల్ చేతికిచ్చేశాను. బతికుండగా ఇచ్చిన వస్తువును వీలునామాలో రాయనక్కర్లేదు. అయినా రాశాను.

పక్కింటి ఫిలోమెనా బార్టోష్ సాక్షి సంతకానికి ఒప్పుకుంటూ, "అయితే నాకు నువ్వు పోయాక ఏమీ రాదన్నమాట. ఆ మంచు తోసే మిషను ఇప్పుడే తోసుకుపోనా?" అని అడిగింది. తోసుకుపోయింది.

పైన పన్నెండు ఖండికలూ నా ఇష్టపూర్తిగా రాసి, ఇద్దరు సాక్షులూ ఎదుట ఉండగా, మా వంటింటి బల్ల మీద సంతకం చేశాను.

వయాండాట్, శనివారం, 21 అక్టోబరు 2017.

(సంతకం) కాజిమీర్ గ్రబోస్కీ

మొదటి సాక్షి: ఫిలోమెనా బార్టోష్, ఆరో వీధి. రాసినవారిని ఎన్నాళ్ళుగా ఎరుగుదురు: ఇరవై రెండేళ్ళు, కంచె అవతల నుంచి.

రెండో సాక్షి: ఆర్విల్ టాలివర్, రిటైర్డ్ క్రేను డ్రైవరు. రాసినవారిని ఎన్నాళ్ళుగా ఎరుగుదురు: మా చెల్లెలి పెళ్ళి నుంచి, యాభై మూడేళ్ళు. అందులో ముప్పై నాలుగు తీసేయాలి.

(తీసేయాలన్న మాట నేనే కొట్టేశాను. మొత్తం ఉండనీయండి. – ఆ. టా.)